ఈత ప్రశ్నలు: ఒక చెయ్యి లాగుతోంది, ఇంకో చెయ్యి వెంట వస్తోంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ. ఒక పక్క బలంగా ఉంది, ఇంకో పక్క లేదు. లేదంటే ఛాతీ వైపు గట్టిపడిపోయింది, వీపు వైపు వదులుగా ఉండిపోయింది. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్, మా బాబుకి 13 ఏళ్లు. నాలుగేళ్లుగా ఈదుతున్నాడు, జిల్లా పోటీలకు కూడా వెళ్తున్నాడు. ఫ్రీస్టైల్ వేసేటప్పుడు మెల్లగా ఎడమ పక్కకి జరిగిపోయి లేన్ తాడుకి తగులుతున్నాడు. ఎడమ చెయ్యి వీక్‌గా ఉంది, బలం పెంచాలి అని కోచ్ గారు అన్నారు. ఊపిరి మాత్రం వాడు ఎప్పుడూ కుడి వైపే తీసుకుంటాడు. జిమ్‌లో చేర్పించి ఎడమ చేతికి డంబెల్స్ చేయించమంటారా? ఈ వయసులో బరువులెత్తితే పొడుగు పెరగడని మా అత్తగారి భయం.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కోచ్ గారు చూసింది నిజమే. పడవలో కుడి తెడ్డు గట్టిగా పడితే పడవ ఎడమకి తిరుగుతుంది, మీ వాడి విషయంలో జరుగుతున్నదీ అదే. కానీ చెయ్యి సరిగ్గా లాగడం లేదంటే కండరంలో బలం లేదనే అనుకోనక్కర్లేదు. నేను పూల్ గట్టు మీద చూసిన పిల్లల్లో చాలామందికి బలం ఉంది, ఆ చేతికి పని రాలేదు, అంతే.

మీ ఉత్తరంలో నాకు దొరికిన అసలు సంగతి ఊపిరి గురించి మీరు రాసిన చిన్న వాక్యం. బాబు కుడికి తల తిప్పినప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుందో ఈసారి గట్టు మీద నిలబడి జాగ్రత్తగా చూడండి. ముందుకు చాపి ఉంటుంది. ఆ క్షణంలో ఆ చెయ్యి నీటిని పట్టుకుని వెనక్కి నెట్టడానికి సిద్ధమవ్వాలి, కానీ తల ఎలాగైనా పైకి తేవాలన్న తొందరలో పిల్లలు ఆ చేత్తో నీటిని కిందికి నొక్కేస్తారు, మోచెయ్యి కిందికి జారిపోతుంది, అరచెయ్యి నీళ్లను కోసుకుంటూ ఖాళీగా వెనక్కి వెళ్లిపోతుంది. నాలుగేళ్లుగా రోజూ ఇదే. కుడి చెయ్యి లాగుతోంది, ఎడమ చెయ్యి తలకి ఊతకర్రలా ఉంటోంది. దాంతో ఆ వైపు కండరాలకి పని తగ్గి నిజంగానే కొంచెం బలం తక్కువై ఉండొచ్చు కూడా. అప్పుడు డంబెల్ ఒక్కటే పట్టిస్తే బలం వస్తుంది గానీ, ఆ బలంతో వాడు నీటిని ఇంకా గట్టిగా కిందికి నొక్కుతాడు.

కాబట్టి ముందు తేడా ఎంతో, ఎక్కడుందో కనుక్కోండి. దీనికి మెషిన్లేం అక్కర్లేదు. 25 మీటర్ల పూల్లో ఒక్క కుడి చేత్తోనే ఈదమనండి, ఎడమ చెయ్యి ముందుకు చాపి ఉంచాలి, ఊపిరి లాగే చేతి వైపే తీసుకోవాలి. ఎన్ని బారలు పడ్డాయో, అంటే ఆ చెయ్యి ఎన్నిసార్లు నీటిని లాగిందో లెక్కపెట్టండి. తర్వాత ఎడమ చేత్తో. రెండేసి నిమిషాలు విశ్రాంతి ఇస్తూ మూడేసి సార్లు చేయించి, రెండు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి, ఎందుకంటే మొదటి రోజు లెక్క అలవాటు లేకపోవడం వల్ల తప్పొస్తుంది. కుడితో 20 బారలు, ఎడమతో 21, 22 పడితే దాన్ని నేను పట్టించుకోను. కుడిచేతి వాటం మనిషికి ఆ మాత్రం తేడా సహజం. 20కి 26 పడితే మాత్రం పని ఉంది.

తర్వాత నేల మీద చూడండి. ఒకే రబ్బరు బ్యాండ్, ఒకే కిటికీ ఊచకి కట్టి, ఒకే దూరంలో నిలబడి, మోచెయ్యి వంచుతూ నడుము దాకా లాగమనండి. ఏ చేత్తో ఎన్నిసార్లు ఒంటిని మెలిపెట్టకుండా లాగగలడో రాసుకోండి. నేల మీద రెండు చేతులూ దాదాపు సమానంగా ఉండి, నీళ్లలో మాత్రమే తేడా వస్తే అది బారలోని లోపం, అప్పుడు జిమ్ మాట మర్చిపోండి. రెండు చోట్లా ఎడమ వెనకబడితే నీళ్లలోనూ నేల మీదా రెండు వైపుల నుంచీ సరిచెయ్యాలి.

ఇంకొకటి కూడా ఇంట్లోనే చూడండి, ఇది చాలామంది వదిలేస్తారు. చొక్కా తీసి, కాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనండి. వెనక నిలబడి చూస్తే వీపు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలి. ఒక పక్క పక్కటెముకలు గూనిలా పైకి లేచి కనిపిస్తే వెన్నెముక పక్కకి వంగి ఉండొచ్చు, ఎదిగే వయసులో అది బయటపడటం మామూలే. అలా కనిపిస్తే ఎక్సర్‌సైజులన్నీ పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టర్ గారికి చూపించండి.

నీళ్లలో చెయ్యాల్సింది చెప్తాను. వార్మప్‌లోనూ చివర్లో నెమ్మదిగా ఈదేటప్పుడూ ప్రతి మూడు బారలకీ ఒకసారి ఊపిరి తీసుకోమనండి, అప్పుడు అది దానంతటదే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వస్తుంది. పిల్లలకి ఇది మొదట్లో చాలా కష్టం, ఊపిరాడనట్టు టెన్షన్ పడతారు, నీళ్లు మింగుతారు. వాడికి అది బొత్తిగా కుదరకపోతే ఇంకో సులువు ఉంది. వెళ్లేటప్పుడు ఎడమ వైపు ఊపిరి, తిరిగి వచ్చేటప్పుడు కుడి వైపు. ఇలా చేస్తే రెండు సార్లూ పూల్‌కి ఒకే గట్టు వైపు మొహం ఉంటుంది, మీరు ఆ గట్టు మీద కూర్చుంటే ప్రతి ల్యాప్‌లోనూ అమ్మ మొహం చూడ్డమే గుర్తు. ఎడమ వైపు ఊపిరి తీసుకోవడం రాగానే కుడి చెయ్యి ఊతకర్ర అవుతుంది, ఎడమ చేతికి లాగడానికి తీరిక దొరుకుతుంది. నేను చూసినంతలో సగం మార్పు ఇక్కడే వస్తుంది.

నేల మీద పనికి ఒకటే సూత్రం: ఏదైనా ఎడమ చేత్తోనే మొదలుపెట్టాలి. ఎడమ చెయ్యి శుభ్రంగా 10 సార్లు చెయ్యగలిగితే కుడి చెయ్యి కూడా 10 దగ్గరే ఆగాలి, 18 చెయ్యగలిగినా సరే. నెల తర్వాత కూడా తేడా ఉంటే ఎడమకి ఒక సెట్ అదనంగా ఇవ్వండి. కుడిని పూర్తిగా మానేయించకండి, ఎందుకంటే పోటీలు ఉన్న పిల్లాడికి ఉన్న బలం పోగొట్టుకోవడం న్యాయం కాదు. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి 20 నిమిషాలు సరిపోతుంది.

పొడుగు గురించి మీ అత్తగారికి నచ్చజెప్పండి. పక్కన తెలిసిన మనిషి ఉండి, తగిన బరువుతో, సరైన పద్ధతిలో చేస్తే వ్యాయామం వల్ల పిల్లల ఎదుగుదల ఆగిపోదు. ప్రమాదమల్లా ఎవరూ చూడకుండా పెద్దవాళ్లతో పోటీపడి ఎంత ఎత్తగలనో అని పరీక్షించుకోవడంలో ఉంది. ఈ వయసుకి బ్యాండ్లు, సొంత ఒంటి బరువు చాలు. ఇంకో సంగతి, ఒక్కసారిగా పొడుగు పెరిగే నెలల్లో ఎముకలు ముందు పెరుగుతాయి, కండరాలు తర్వాత అందుకుంటాయి. ఆ కాలంలో నిన్నటిదాకా బాగా ఈదినవాడు కూడా తడబడతాడు. దానికి వాణ్ణి తిట్టకండి, కోచ్ గారిని కూడా కొంచెం ఓపిక పట్టమనండి.

అద్దంలో బొమ్మలా రెండు పక్కలా ఒకేలా ఈదాలని మాత్రం పట్టుబట్టొద్దు. మైకేల్ ఫెల్ప్స్ 23 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు, అతని ఫ్రీస్టైల్ లయ గుర్రం దౌడు తీసినట్టు కుంటుతూ ఉండేది. కేటీ లెడెకీ 2012 నుంచి 2024 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో 800 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచింది, ఆమెదీ అలాంటి లయే. వాళ్లకి ఒక వైపు లయ ఉంది గానీ ఒక వైపు ఖాళీ చెయ్యి లేదు. పోటీలో బాబు కుడి వైపే ఊపిరి తీసుకుంటే తీసుకోనివ్వండి. ప్రాక్టీస్‌లో మాత్రం రెండు చేతులకీ పని తెలియాలి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి ఐదు రోజులు పొద్దున్నే కిలోమీటరున్నర ఫ్రీస్టైల్ ఈదుతాను, మూడు రోజులు సాయంత్రం జిమ్. బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి నెట్టడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని కిందికి లాగడం) బాగా చేస్తాను. రెండు నెలలుగా కుడి భుజం ముందు వైపు నొప్పి, చెయ్యి నీళ్లలో పెట్టేటప్పుడు గుచ్చినట్టు ఉంటుంది. ఇంత బలం ఉండి కూడా నొప్పి ఎందుకు? ఈత మానెయ్యాలా?
– గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: మానక్కర్లేదు, కానీ ఇప్పుడున్నట్టుగా మాత్రం కొనసాగించకండి. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది: ఇంత బలం ఉండటం వల్లే, అదంతా ఒకే దిక్కున ఉండటం వల్లే.

ఒకసారి మీ భుజాన్ని ఊహించుకోండి. పెద్ద బంతి ఒకటి చిన్న సాసర్‌లో కూర్చున్నట్టు ఉంటుంది ఆ కీలు. అందుకే చెయ్యి అన్ని వైపులకీ తిరుగుతుంది, అందుకే తొందరగా పట్టు తప్పుతుంది కూడా. ఈతలో నీటిని లాగేది ఛాతీ కండరం, చంకల కింద నుంచి నడుము దాకా పరుచుకున్న వీపు కండరం, భుజం లోపల దాగి ఉన్న ఇంకొకటి. ఈ మూడూ చేతిని లోపలి వైపు తిప్పుతాయి. బయటికి తిప్పేవి, ఆ బంతిని సాసర్ మధ్యలో పట్టి ఉంచేవి రెక్క ఎముక వెనక ఉన్న రెండు చిన్న కండరాలు. మీ లెక్కే చూద్దాం. కిలోమీటరున్నర అంటే 25 మీటర్ల పూల్లో 60 ల్యాప్‌లు. ల్యాప్‌కి 20 బారలు వేసుకున్నా రోజుకి 1200, ఒక్కో చేతికి 600. వారానికి ఒక్కో చెయ్యి 3000 సార్లు లోపలి వైపు బలంగా లాగుతోంది. సాయంత్రం జిమ్‌కి వెళ్లి బెంచ్ ప్రెస్, పుల్‌డౌన్ అంటూ మళ్లీ అవే కండరాలకి పని ఇస్తున్నారు. పగలంతా ల్యాప్‌టాప్ ముందు భుజాలు ముందుకి వంచుకుని కూర్చుంటున్నారు. వెనక ఉన్న ఆ రెండు చిన్న కండరాల గురించి రోజు మొత్తంలో ఎవరూ ఆలోచించలేదు.

ఈత లాగే కండరాలకి బలం ఇస్తుంది, ఆ లాగుడుని అదుపులో పెట్టే కండరాలకి అంత ఇవ్వదు. ఆ పని నేల మీదే చెయ్యాలి. ఈ పేజీలో ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరని మాట ఇది. బయటికి తిప్పే బలం లోపలికి తిప్పే బలంలో కనీసం మూడింట రెండు వంతులైనా ఉండాలని మేం చూస్తాం. ఏళ్ల తరబడి ఈదినవాళ్లలో వెనక వైపు పెరగక కాదు, ముందు వైపు మరీ పెరిగిపోయి ఈ లెక్క తప్పుతుంది. ఈ నొప్పి కొత్తదేం కాదు, 1974లోనే కెనడీ, హాకిన్స్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి స్విమ్మర్స్ షోల్డర్ అని పేరు పెట్టారు.

ముందు రెండు వారాలు బెంచ్ ప్రెస్, పుల్‌డౌన్ ఆపండి. చేతులకి ప్యాడిల్స్, అంటే అరచేతికి తగిలించుకునే పలకలు వాడుతుంటే అవి బ్యాగులోంచి తీసి ఇంట్లో పెట్టండి. ఈతని సగానికి తగ్గించి మిగతా టైమ్ కాళ్ల పని చెయ్యండి, అయితే కిక్‌బోర్డు (పట్టుకుని తేలే పలక) ముందుకు చాపి పట్టుకోకండి, ఆ భంగిమలో భుజం ఇంకా నలుగుతుంది. చేతులు పక్కన పెట్టుకుని వెల్లకిలా తన్నండి. నొప్పి మాత్ర వేసుకుని పూల్లోకి దిగడం అసలు వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో కూడా తెలియదు.

ఇంట్లో చెయ్యాల్సిన మొదటిది ఇది. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, కుడి మోచెయ్యి 90 డిగ్రీలు వంచి నడుముకి ఆనించండి, మోచేతికీ ఒంటికీ మధ్య మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోండి. చేతిలో అర లీటరు నీళ్ల సీసా, అంటే అర కిలో బరువు. మోచెయ్యి కదపకుండా ముంజేతిని పైకి లేపండి, దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించండి. 12 నుంచి 15 సార్లు, మూడు సెట్లు. అర కిలోనా అని చాలామంది మగవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, 12 దాటేసరికి భుజం వెనక మంట తెలుస్తుంది. రెండు వారాలకి లీటరు సీసా పట్టుకోవచ్చు, నొప్పి లేకపోతేనే. రెండు చేతులకీ చెయ్యండి, నొప్పి కుడికే ఉన్నా ఎడమ కూడా అదే దారిలో ఉంది.

రెండోది గోడ దగ్గర. గోడకి చేతులాన్చి పుషప్‌లా వంగి లేవండి, పూర్తిగా లేచాక ఆగిపోకుండా ఇంకో రెండు అంగుళాలు గోడని నెట్టి, వీపు మీది రెక్క ఎముకల్ని ముందుకి జరపండి. ఆ చివరి రెండు అంగుళాల్లోనే అసలు పనంతా ఉంది. పక్కటెముకల మీద ఉండే ఒక కండరం రెక్క ఎముకని ఒంటికి అతుక్కునేలా పట్టి ఉంచుతుంది, ఫ్రీస్టైల్లో దానికి బార మొత్తం విశ్రాంతే ఉండదు, అందుకే అది అందరికంటే ముందు అలిసిపోతుంది. అది అలిస్తే రెక్క ఎముక సరిగ్గా పైకి తిరగదు, చెయ్యి ఎత్తినప్పుడు కండరాల్ని ఎముకకి కట్టి ఉంచే లోపలి పట్టీలు రెండు ఎముకల మధ్య నలుగుతాయి. మీకు గుచ్చినట్టు ఉండేది చాలావరకు అదే.

మూడోది బ్యాండ్‌ని ఛాతీ ఎత్తులో కట్టి రెండు చేతులతో వెనక్కి లాగడం, చివర్లో రెక్క ఎముకలు దగ్గరికి తెచ్చి రెండు సెకన్లు ఆగడం. రెండు వారాల తర్వాత జిమ్‌కి వెళ్లినా ముందుకి నెట్టేది ఒక సెట్ చేస్తే ఇలా వెనక్కి లాగేవి రెండు సెట్లు చెయ్యండి, కనీసం మూడు నెలల పాటు. వీటిని ఈతకి ముందు అలిసిపోయేదాకా చెయ్యకండి, కాపలా కండరాలు అలిసిన భుజంతో నీళ్లలో దిగితే మీరు కోరి నొప్పి తెచ్చుకున్నట్టే. ఈత అయ్యాక, లేదా సాయంత్రం చెయ్యండి.

గుమ్మానికి మోచెయ్యి ఆన్చి ఛాతీ సాగదీసుకోవడం మంచిదే. కానీ పూల్స్ దగ్గర ఇప్పటికీ ఒక అలవాటు చూస్తుంటాను, ఒకరు కూర్చుంటే ఇంకొకరు వెనక నిలబడి రెండు చేతులూ వెనక్కి లాగి మణికట్లు కలుపుతారు. దయచేసి అది చెయ్యకండి, పిల్లలతో అసలు చేయించకండి. ఈతగాళ్ల భుజం కీలు ముందే వదులుగా ఉంటుంది, దాన్ని ముందువైపు ఇంకా వదులు చెయ్యడం తప్ప ఆ లాగుడు వల్ల వచ్చేదేం లేదు.

బారలో కూడా ఒకటి చూసుకోండి. చెయ్యి నీళ్లలో పెట్టేటప్పుడు బొటనవేలు ముందు దిగుతోందా? తల ముందు నుంచి అవతలి వైపుకి దాటుతోందా? రెండూ భుజాన్ని లోపలికి మెలిపెట్టేవే. అరచెయ్యి నేల వైపు చూస్తూ, చెయ్యి భుజానికి ఎదురుగా, వేళ్ల కొసలు ముందు దిగాలి. రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోయినా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా, చెయ్యి పూర్తిగా పైకి లేవకపోయినా ఎముకల డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మాది కోనసీమ. చిన్నప్పుడు కాలువలో మా నాన్నగారు నడుముకి బెండు కట్టి ఈత నేర్పారు. ఇప్పుడు 54 ఏళ్లు, పిల్లల దగ్గర హైదరాబాద్‌లో ఉంటూ మళ్లీ పూల్‌కి వెళ్తున్నాను. తల పైకి పెట్టి కప్ప ఈత ఈదుతాను, అరగంట హాయిగా ఈదగలను. కానీ నా కాళ్లు రెండూ ఒకలా కొట్టుకోవట్లేదని, ఎడమ కాలు కత్తెరలా వెళ్తోందని కోచ్ అమ్మాయి చెప్పింది. కుడి మోకాలు లోపలి వైపు నొప్పి కూడా మొదలైంది. ఈ వయసులో కాళ్లు సరిచేసుకోగలనా?
– ఒక అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. కాలువలో, బావిలో నేర్చుకున్నవాళ్లకి నీళ్లంటే ఉండే చనువు పూల్లో నేర్చుకున్న మాలాంటి వాళ్లకి రావడానికి ఏళ్లు పడుతుంది. దాన్ని వదులుకోవద్దు. కాళ్లు తప్పకుండా సరి అవుతాయి, కొంచెం టైమ్ పడుతుంది, అంతే.

కాలువలో ప్రవాహానికి ఎదురీదడానికి, తల పైకి ఉంచడానికి ఒంటిని కాస్త పక్కకి తిప్పి, ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి కత్తెరలా కొట్టడం చాలామందికి అలవాటవుతుంది. అక్కడ అది పనికొచ్చే ఈతే. కప్ప ఈతలో మాత్రం రెండు పాదాలూ బయటికి తిరిగి, నీటిని వెనక్కి నెట్టి, దగ్గరికి రావాలి. మీ ఎడమ పాదం బయటికి తిరగడం లేదు కాబట్టి అది నీటిని పట్టుకోవడం లేదు, నెట్టుడంతా కుడి కాలి మీద పడుతోంది. అలా నెట్టిన ప్రతిసారీ మోకాలు లోపలి పక్కన ఉండే పట్టీ సాగుతుంది. ఈ ఈతలో ఈ నొప్పి ఎంత మామూలంటే దానికి ఇంగ్లీషులో ‘బ్రెస్ట్‌స్ట్రోకర్స్ నీ’, అంటే కప్ప ఈతగాళ్ల మోకాలు అనే పేరే ఉంది. అంటే మీకు నొప్పి పుడుతున్నది పని చేస్తున్న కాలికి, లోపం ఉన్నది పని మానేసిన కాల్లో.

కుర్చీలో కూర్చుని, మోకాళ్లు దగ్గరగా ఉంచి, పాదాలు ఒక్కొక్కటీ బయటికి జరపండి. ఎడమది కుడి దానికంటే బాగా తక్కువ జరిగితే తుంటి దగ్గర బిగుసుకుంది, రోజూ అదే కదలికని నొప్పి లేనంతవరకు 15 సార్లు చెయ్యండి. రెండూ సమానంగా జరిగితే అది అలవాటు మాత్రమే.

బలానికి మూడు చాలు. పక్కకి తిరిగి పడుకుని పై కాలు నిటారుగా లేపడం, ఎడమ కాలితో మొదలుపెట్టి రెండిటికీ 12 సార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి నడుము పైకి లేపి అయిదు లెక్కపెట్టడం. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని అయిదు సెకన్లు నొక్కడం, తొడ లోపలి కండరాలకి అది మంచి పని, కానీ నొక్కేటప్పుడు మోకాలు నొప్పి పుడితే నొక్కుడు తగ్గించండి. పూల్లో గట్టు పట్టుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ, చాలా నెమ్మదిగా రెండు పాదాలూ బయటికి తిప్పి తన్నండి. తొందరపడితే పాత అలవాటే వస్తుంది. మోకాళ్లు మరీ వెడల్పుగా తెరవకండి.

నొప్పి పోయేదాకా అరగంటలో పది నిమిషాలే కప్ప ఈత, మిగతాది వెల్లకిలా కాళ్లు మెల్లగా ఆడిస్తూ తేలండి. తల ఎప్పుడూ పైకి ఉంచడం వల్ల మెడ, నడుము కూడా బిగుస్తాయి, ఈ వయసులో అది మంచిది కాదు. ఈత కళ్లద్దాలు పెట్టుకుని, బారకి బారకి మధ్య మొహం నీళ్లలో పెట్టడం ఆ కోచ్ అమ్మాయి దగ్గర నేర్చుకోండి. మోకాలు వాచినా, మెట్లు దిగేటప్పుడు పట్టు తప్పుతున్నట్టు ఉన్నా ఆగి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, బటర్‌ఫ్లై ఈదుతాను. నెల రోజులుగా ఎడమ చెయ్యి బలం తగ్గినట్టుంది. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరిగా ఉంటాయి. ఎడమ చేతికి ఏ వ్యాయామం చెయ్యాలి?
– గుంటూరు

జవాబు: తమ్ముడూ, ఏ వ్యాయామమూ వద్దు. ఇది చదివిన వెంటనే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకో. తిమ్మిరితో పాటు ఒక చెయ్యి బలం తగ్గుతోందంటే అది కండరం సంగతి కాకపోవచ్చు, మెడ దగ్గర నరం నొక్కుకుంటోందేమో ముందు చూడాలి. బటర్‌ఫ్లైలో ప్రతి ఊపిరికీ మెడ పైకి లేస్తుంది, దాని మీద చాలా భారం పడుతుంది.

మన దేశపు బటర్‌ఫ్లై ఈతగాడు సజన్ ప్రకాష్ గురించి నీకు తెలిసే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌కి ముందు మెడలో డిస్కుల సమస్య వచ్చి ఎడమ చెయ్యి పట్టు తప్పింది. అతను దాన్ని బరువులెత్తి సరిచేసుకోలేదు, నీళ్లకి దూరంగా ఉండి, చికిత్స తీసుకుని, మెల్లగా తిరిగొచ్చాడు. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత టైమ్ అందుకున్న మొదటి భారతీయ ఈతగాడయ్యాడు. అర్హత గీత 1:56.48. నీ ముందు కూడా చాలా సీజన్లు ఉన్నాయి, ఒక నెల ప్రాక్టీస్ పోతే పోనివ్వు. చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, నడక తడబడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

ప్రశ్న: నా ఎడమ చెయ్యి వీక్. ఎడమ చేతికి ఒక్కదానికే ప్యాడిల్ వేసుకుని ఈదితే తొందరగా బలం వస్తుందా?
– రాజమహేంద్రవరం

జవాబు: వద్దండి. ప్యాడిల్ అంటే అరచెయ్యి వెడల్పు పెంచడం, దాంతో భుజం మీద బరువు పెరుగుతుంది. బలం లేని భుజం మీదే ఆ బరువు వెయ్యడం నాకు సమ్మతం కాదు. దీన్ని తిరగేసి చెయ్యండి: కుడి చెయ్యి పిడికిలి బిగించండి, ఎడమ చెయ్యి మామూలుగా తెరిచి ఉంచండి, అలా ఒక ల్యాప్ ఈదండి. కుడి పిడికిలికి నీళ్లు అంతగా దొరకవు కాబట్టి ముందుకెళ్లాలంటే ఎడమ చెయ్యే నీటిని పట్టుకోవాలి. మొదటి ల్యాప్‌లో కుడి పక్కకి జరిగిపోతారు, ఫర్వాలేదు. తర్వాతి ల్యాప్ రెండు చేతులూ తెరిచి మామూలుగా. ఇలా ఒకటి విడిచి ఒకటి ఎనిమిది ల్యాప్‌లు, వారానికి రెండు రోజులు చెయ్యండి. ఆరు వారాల తర్వాత పైన ఆ అమ్మకి చెప్పిన ఒంటి చేతి లెక్క వేసి, రెండు అంకెలూ నాకు రాసి పంపండి.